ఏడుపు పాటకు మెడ కావాలి

రామ్‌చందర్ సార్‌కు సహజత్వం అంటే ప్రాణం. ఖమ్మంలో రికార్డింగ్ గది నడుపుతాడు. అడవి అంచు పాటలతో ఒక ఆల్బమ్ చెయ్యాలని టేకులపల్లి దాటి మా తండాకు వచ్చాడు. వచ్చీ రాగానే మా అన్న దస్రు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అమెరికా పల్లెటూరి పాటల ఆల్బమ్ ఒకటి వినిపించాడు.

"గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు వినబడుతోందా? పాట ఎత్తుకునే ముందు అతను గాలి పీల్చింది కూడా పట్టారు. రికార్డింగ్ అంటే అదీ!"

"గాలి పీల్చకుంటే సస్తడు గద సార్," అన్నాడు అన్న.

సార్ వచ్చింది మా వదిన పూలి కోసం. పెళ్లయి వెళ్లిపోయే పిల్ల మెడ పట్టుకుని ఇంటి ఆడవాళ్లు ఏడుస్తూ పాడే పాటను మేం ఢావ్లో అంటాం. చుట్టుపక్కల తండాల్లో దాన్ని ఆమెలా పాడేవాళ్లు లేరు. ఆమె గొంతులో గడ్డ లేచింది. సోమవారం ఖమ్మంలో ఆపరేషన్. కోసిన తర్వాత గొంతు తిరిగి వస్తుందన్న మాట డాక్టర్ ఇవ్వలేదు. అందుకే వదిన తనంతట తానే సార్‌కు కబురు పెట్టించింది. గొంతు పోయేలోగా ఆ పాట ఒక్కటి ఎక్కడో ఒక చోట దాచిపెట్టాలని ఆమె పట్టుదల.

సహజత్వం కోసం వచ్చిన సార్ ముందు ఫ్యాన్ ఆపించాడు. తర్వాత ఫ్రిజ్. పక్కింటి పందిట్లో మిర్చి తొడిమలు తీస్తున్న ఆడవాళ్లను మాట్లాడవద్దన్నాడు. వాళ్లు పని ఎత్తిపెట్టి వెళ్లిపోయారు. కోళ్లను గంపల కింద కమ్మాం. మేకలను గుట్టకు తోలాం. కీచురాళ్లు మాత్రం మాట వినలేదు.

"వీటిని ఏమీ చెయ్యలేమా?"

"ఫారెస్టోళ్లకు దరఖాస్తు పెట్టాలె సార్," అన్నాను.

తండా అంతా పీనుగ లేచిన ఇల్లులా అయ్యాక, వదినను మైకు ముందు నిలబెట్టాడు.

"ఇప్పుడు పాడండమ్మా. సహజంగా."

వదిన కదలలేదు. "ఎవల మెడ పట్టుకోవాలె?"

పట్టుకునే మెడ లేకపోతే ఢావ్లో లేదు. సార్ కాసేపు ఆలోచించి, మంచం మీది దిండు తెచ్చి ఇచ్చాడు. చదువుకున్న మనిషి.

వదిన దిండును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది యాడికి పోతది బిడ్డా?"

"అంటే?"

"పోయేటోళ్ల మీద పడి ఏడుస్తం. ఉండేటోళ్ల మీద ఏడిస్తే కీడు. ఇయ్యాల తండా ఇడిసి పోయేది నువ్వొక్కనివే."

సార్ మైకు వంక చూశాడు, నా వంక చూశాడు. నేను కోళ్ల గంప వంక చూశాను. ఇక దారిలేక చిన్న మైకు ఒకటి తీసి కాలరుకు తగిలించుకుని, వంగి మెడ అప్పగించాడు.

"నువ్వు గూడ ఎదురు ఏడ్వాలె సార్," అని అన్న గుర్తు చేశాడు. "లేకుంటే పాట ముందుకు పోదు."

వదిన ఎత్తుకుంది. సార్ "ఊఁ ఊఁ" అన్నాడు. వదిన ఆపేసింది.

"ఏడుస్తున్నవా, బస్సు స్టార్ట్ చేస్తున్నవా?"

మళ్లీ ఎత్తుకుంది. ఢావ్లోలో మాటలు ముందే కట్టి ఉండవు. ఆ పూట ఉన్న బాధను ఉన్నట్టే అందుకోవాలి. ఈ గొంతుతోనే మేకలను పిలిచాను, ఈ గొంతుతోనే నలుగురు కూతుళ్లను సాగనంపాను, సోమవారం దీన్ని సాగనంపేది ఎవరు అని లంబాడీలో అడిగింది. సార్‌కు ఒక్క ముక్క తెలియదు. గడ్డ ఉన్న గొంతు ఆయన భుజానికి ఆనుకుని అదురుతోంది. కాసేపటికి ఆయన వీపు కూడా అదరడం మొదలైంది. ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడుకు గంప కింద పుంజు ఉలిక్కిపడి కూసింది.

అయిపోయాక కళ్లు తుడుచుకుని రికార్డింగ్ విన్నాడు. ముఖం మాడిపోయింది.

"మొత్తం నా ఏడుపే ఉందమ్మా. ఇంకొక్కసారి పాడండి, నేను ఏడవను."

"పంపిచ్చినోన్ని మళ్ల పంపుతరా బిడ్డా? అయిపోయింది. ఇగ పో," అంది వదిన.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు రాలేదు.

పది రోజులకు సార్ ల్యాప్‌టాప్‌తో దవాఖానాకు వచ్చాడు. తన ఏడుపు తీసేసిన చోటల్లా ఆమె పాట కూడా తెగిపోతోందట. నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఉన్నది ఉన్నట్టే వదిలేశాడట. ఎంతో పెద్ద తప్పు ఒప్పుకుంటున్నట్టు తల వంచుకుని చెప్పాడు.

వదిన కళ్లు మూసుకుని వింది. సార్ వెక్కిన చోట ఆమె భుజాలు చప్పుడు లేకుండా కదిలాయి. నవ్వే.

"పాడినోళ్లల్ల నీ పేరు గూడ రాసుకో సార్," అన్నాడు అన్న.

వదిన చెయ్యెత్తి ఇద్దరినీ మాట్లాడవద్దంది. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టమని వేలితో చూపించింది.