మిద్దెమీద ఎండ ఒప్పందం

మొగుని వీపు చూసి శివమ్మ కెవ్వుమనబోయి నోరు మూసుకుంది. నారాయణ ఎడమ భుజంమీద రొట్టెంత మేర పొలుసులు పోయి చర్మం నున్నగా తేలింది. తక్కిన ఒళ్లంతా ఎప్పట్లాగే ఎర్రగా పగిలి రాలుతోంది.

ప్రొద్దుటూరు చర్మం డాక్టరు జియావుల్లా ముందే చెప్పినాడు. ఈ మాత్ర ఉత్తగా మింగితే ఏం లాభం లేదు, మింగినాక ఒంటికి ఎండ తగలాల, అప్పుడే మందు పని మొదలుపెడతాదని. కానీ నారాయణ ఎండలో కూర్చునేదెట్లా? ఎదురు పార్టీ ఓబులేసు మిద్దె వీధికి అవతలే, తుపాకీకి అందే దూరం. జమ్మలమడుగు కోర్టు వాయిదాకు తప్ప నారాయణ పగలు గడప దాటి ఏండ్లయింది. అందుకని మాత్ర మింగి, ఇంట్లోనే పైకప్పు గవాక్షి కింద కూర్చున్నాడు మహానుభావుడు. ఆ బొక్కలోంచి ఎంత ఎండ పడిందో అంత మేరే నయమైంది.

"ఈ ఒళ్లు చూసి కన్నబిడ్డే నీ దగ్గరికి రానంటాంది. ఉండు, నీకు ఎండ నేను తెస్తా" అని చెప్పులేసుకుంది శివమ్మ.

"యాడికి పోతాండావు?"

"ఓబులేసు ఇంటికి."

పార్టీ తగాదాల్లో ఆడోళ్ల జోలికి పోరు. ఆ ఊరికి మిగిలిన మర్యాద అదొక్కటే. పైగా శివమ్మ పులివెందులలో పుట్టిన మనిషి, జంకే రకం కాదు.

ఓబులేసు తల్లి లక్ష్మీనరసమ్మ అరుగుమీద కందులు చెరుగుతోంది.

"అత్తా, నా మొగుడు దినం మార్చి దినం మిద్దెమీద చొక్కా లేకుండా కూర్చోవాల. ఆయప్పను ఏమీ చెయ్యనని నీ కొడుకుతో మాట ఇప్పించు."

"మాటదేముందే, నాలుకకు నరముంటాదా? మీవాడు కూర్చున్నంతసేపూ నా కొడుకునూ మా మిద్దెమీద చొక్కా లేకుండా కూర్చోబెడతా. మీవానికి దెబ్బ తగిల్తే మావాణ్ణి కొట్టండి" అంది ముసలామె.

మరుసటి దినం ఊరంతా పనులు మానుకుని తలలెత్తి చూసింది. ఇవతల నల్లద్దాలతో నారాయణ, అవతల మొహం గంటు పెట్టుకుని ఓబులేసు. ఏమీ కాలేదు. అట్లా వారాలు గడిచేకొద్దీ పొలుసులు రాలిపోయినాయి. ఒకనాడు ఓబులేసే ఉండబట్టలేక, "ఏమప్పా, ఆ వీపు ఇట్ల తిప్పు, చూస్తాం" అన్నాడు. ఎన్నికల జీపులొచ్చిపోయినా ఊళ్లో ఒక్క తల పగల్లేదు. పాప నాయన మెడమీదికెక్కింది.

"శానా బాగైందమ్మా, ఇంక మాత్రలూ వద్దు, ఎండా వద్దు" అన్నాడు డాక్టరు, శివమ్మ ఒక్కతే పోయి ఫోన్లో చూపిన మొగుని వీపు ఫోటోలు చూసి. శివమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. బస్సులో సగం దారికొచ్చినాక అసలు సంగతి తట్టింది. మందు ఆగితే ఇద్దరూ మిద్దెలు దిగుతారు. దిగితే మళ్లీ పాత కథే.

ఆమె నేరుగా లక్ష్మీనరసమ్మ దగ్గరికి పోయి చెవిలో చెప్పి, తర్వాతే ఇల్లు చేరింది.

"డాక్టరు ఏమన్న్యాడు?" అన్నాడు నారాయణ.

"మాత్రలు చాలంట. ఎండ మాత్రం బతికినన్నాళ్లూ విడవొద్దన్న్యాడు."

పొద్దున నారాయణ చొక్కా విప్పేలోగానే, ఇంకా రాలేదేందప్పా అని అవతల మిద్దెమీంచి ఓబులేసు కేకేస్తున్నాడు.