మసక ప్రింటు

ఆర్మూర్ పసుపు మార్కెట్టులో భూమన్న కుప్ప దగ్గరికి రావాలంటే కొమ్ములు తిరిగిన బేరగాళ్ళు కూడా ఒకసారి గొంతు సవరించుకునేవారు. ధర నచ్చిందా సరే. నచ్చలేదా, "బస్తాలకెత్తుండ్రి, ఇంటికి తీస్కపోత" అనేవాడు. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు అంత తొందరగా చెడదు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. ఓపిక పడితే మంచి ధర రాక ఎక్కడికి పోతుందని ఆయన ధీమా. ఆ ధీమాతో బాగుపడ్డ ఏళ్ళూ ఉన్నాయి, మునిగిన ఏళ్ళూ ఉన్నాయి. మునిగిన ఏళ్ళ సంగతి భార్య ముత్తెమ్మ ఎత్తిందంటే మాత్రం చెవిలో దోపుకున్న బీడీ తీసి వెలిగించుకుని బయటికి నడిచేవాడు.

ఆ మార్కెట్టులోనే ఒక వేసవిలో సినిమా వాళ్ళు దిగారు. అదొక తమాషా సినిమా. అందులో హీరోకు ఎగిరే శక్తి వస్తుంది, దిగడం మాత్రం చేతకాదు. ఎక్కడ పడితే అక్కడ దబ్బున పడుతుంటాడు. అలా పసుపు కుప్పలో పడి, నిలువునా పచ్చగా లేచి, ఒక్క తుమ్ము తుమ్మితే దొంగలందరూ గాలికి కొట్టుకుపోతారు. ఆ తుమ్ము కోసమే ఇంత దూరం వచ్చారు మహానుభావులు! కుప్పల దగ్గర పని చేసే ఆడవాళ్ళను ఎక్కడివాళ్ళను అక్కడే ఉండమన్నారు. ముత్తెమ్మ ఎడమవైపు చివరి కుప్ప దగ్గర చేట పట్టుకుని నిలబడింది.

ముత్తెమ్మకు ముందుపన్ను సగం విరిగి ఉండేది. చిన్నప్పుడు బండి మీద నుంచి పడిందట. అందుకే నవ్వొస్తే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా భూమన్న ఆమె నవ్వు విన్నాడే గానీ నిండుగా చూసిన పాపాన పోలేదు. ఆ రోజు హీరో తుమ్మగానే అందరితోపాటు ఆమెకూ నవ్వు ఆగలేదు. రెండు చేతుల మీదా చేట, చేట నిండా కొమ్ములు. కొంగు అందుకుందామంటే చెయ్యేదీ? నోరారా నవ్వేసింది. కెమెరా పట్టేసింది.

మరుసటి ఏడు ఆ బొమ్మ ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇద్దరూ వెళ్ళారు. అంత పెద్ద తెర మీద, ఎడమ అంచున, విరిగిన పన్నుతో సహా ముత్తెమ్మ నవ్వుతుంటే భూమన్న గుడ్లప్పగించి చూశాడు. పక్కనున్న ముత్తెమ్మ సిగ్గుతో ముడుచుకుపోయి ఆయన చెయ్యి గిల్లింది.

"థూ, ఏం నవ్వది! ఊరంత సూస్తున్నరు."

"సప్పుడు జేయకు, సూడనియ్యి" అన్నాడు భూమన్న.

ఎంత మంచిగున్నవే అందామనే అనుకున్నాడు. మగమహారాజు కదా, నోరు పెగల్లేదు. ఇంకోసారి వచ్చి చూద్దాం, అప్పుడు చెబుదాంలే అనుకున్నాడు. ఇంకోసారి పోదామనేలోగా బొమ్మ ఎత్తేశారు. ఆ వానాకాలమే ముత్తెమ్మకు జ్వరం తగిలింది. నిజామాబాద్ దవాఖానాకు తీసుకుపోతే మనిషి తిరిగి ఇంటికి రాలేదు.

పిల్లాజెల్లా లేరు. ఇంట్లో ఆమె ఫోటో ఒకటుంది, ఎప్పుడో స్టూడియోలో దిగింది. అందులో పోలీసులను చూసినదానిలా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ మొహం ముత్తెమ్మది కాదనేవాడు భూమన్న. ఇక ఇంటికి తాళం వేసి పోవాల్సి రావడం ఆయనకు అలవాటే కాలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ తాళంకప్పతో పనేం పడింది? చేను నుంచి వచ్చి తలుపు తోయబోతే తాళం చేతికి తగిలేది, లోపల ఎవరూ లేరన్నది అప్పుడు గుర్తొచ్చేది. గల్లీలో పలకరించేవాళ్ళు లేకపోలేదు. "బువ్వ తిన్నవా?" అంటారు. తిన్న అంటాడు. అక్కడికి మాట అయిపోతుంది. మిగిలిన పొద్దంతా ఏం చేయాలో, ఎవరిని తిట్టాలో కూడా తెలియక దిగులుతో కుమిలిపోయేవాడు.

పక్కింటి నీలవ్వ బీడీలు చుడుతుంది. ఆమె పెనిమిటి దుబాయి నుంచి టీవీ, వీసీఆర్ పంపించాడు. వాటి పుణ్యమా అని సినిమాలు క్యాసెట్లలో కూడా వస్తాయని భూమన్నకు తెలిసింది. తెలిసిందే తడవు, బస్టాండు దగ్గర వీడియో దుకాణం నడిపే గంగాకిషన్ దగ్గరికి పరుగెత్తాడు.

"తుమ్ముతె దొంగలు ఎగిరిపోతరు సూడు, గా సినిమా ఉన్నదారా?"

ఉంది. ఎవడో హైదరాబాదులో థియేటరు వెనక వరుసలో కూర్చుని, కెమెరాతో తెరను తీసిన దొంగ క్యాసెట్. నీలవ్వ ఇంట్లో పెట్టి చూశారు. దేవుడా, అది బొమ్మా! తెర ఒక పక్కకు వాలిపోయింది. మధ్యమధ్య తలకాయలు అడ్డమొస్తాయి. ఎవడో లేచి పోతాడు, మళ్ళీ వస్తాడు. బంగారంలాంటి పసుపు కుప్ప బూడిద కుప్పలా తేలింది. ఎడమ అంచున చేటలాంటిది ఒకటి, దాని వెనక మసకమసకగా ఒక మనిషి. అది ముత్తెమ్మ అని భూమన్నకు తెలుసు గనుక తెలిసింది. కన్నూ లేదు, ముక్కూ లేదు, ఆ నవ్వు అసలే లేదు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. క్యాసెట్ పట్టుకుని దుకాణం మీదికి పోయాడు.

"గిదేం సరుకురా గంగాకిషనూ? మనిషి మొఖమే కనవడ్తలేదు!"

"దొంగ ప్రింటు గట్లనే ఉంటది కాకా. కంపెనీ క్యాసెట్ అచ్చేదున్నది. గది మస్తు సాఫుగుంటది."

"అయితె గదే ఇయ్యి. అచ్చేదాంక ఆగుత."

"ఆగు గని, గిది నువ్వే ఉంచుకో. దీన్ని ఎవలు అడుగుతలేరు, ఊకెనే ఇస్త."

భూమన్న చేతిలోని క్యాసెట్‌ను బల్ల మీద పెట్టేశాడు. పసుపు విషయంలో ఏ బుద్ధో ఇక్కడా అదే బుద్ధి. మేలు సరుకు వస్తుందని తెలిశాక నాసిది ముట్టుకునే రకమా ఆయన?

"గసువంటిది నా ఇంట్లకు తేను. చెరిపేసి ఇంకేదన్న ఎక్కించుకో."

అప్పటినుంచి మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా దుకాణం మెట్లెక్కేవాడు. "అచ్చిందా?" అంటాడు. "రాలే కాకా" అంటాడు గంగాకిషన్. వానలు పోయాయి, చలి పోయింది, కొత్త పసుపు మార్కెట్టు నిండింది. ఈ ఎదురుచూపు ఒకటి దొరికాక భూమన్నకు పొద్దు గడవడం కొంచెం తేలికయింది కూడా. ఆమె నవ్వును దగ్గరగా చూసి, ఆ రోజు అనలేని మాట ఇప్పుడైనా అనాలి. మనసులో పదిసార్లు అనుకుని చూసుకున్నాడు.

చివరికి వచ్చింది. రంగురంగుల అట్టపెట్టెలో, హీరో బొమ్మతో, నిగనిగలాడుతూ వచ్చింది. భూమన్న గడ్డం గీయించుకున్నాడు, ఉతికిన ధోతి కట్టాడు. ముసలాడు పెళ్ళిచూపులకు పోతున్నాడని గల్లీలో ముసిముసిగా నవ్వారు. నీలవ్వ ఇంట్లో పిల్లాజెల్లా అంతా చేరారు.

బొమ్మ నిజంగానే బాగుంది. మాట స్పష్టం, రంగు స్పష్టం. పసుపు కుప్పను చూస్తే చేత్తో తీసుకుని కొమ్ము విరిచి చూడొచ్చనిపించింది. హీరో పడ్డాడు, లేచాడు, తుమ్మాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. భూమన్న ఎడమ అంచునే చూస్తున్నాడు. చివరి కుప్ప సగంలోనే ఆగిపోయింది. అక్కడ ఎవరూ లేరు.

"మల్ల ఎయ్యి బిడ్డా."

నీలవ్వ వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. చేట అంచు ఒక్క క్షణం లోపలికి వచ్చినట్టు వచ్చి పోయింది. చేట పట్టుకున్న మనిషి రాలేదు. మళ్ళీ వేయించాడు. ఈసారి లేచి టీవీ పక్కకు పోయి, తలుపు చాటున ఉన్నవాళ్ళ కోసం చూసినట్టు, వంగి అద్దం అంచు నుంచి లోపలికి తొంగిచూశాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. నీలవ్వ వాళ్ళను కసిరి, ఆయన భుజం పట్టుకుంది.

"మామా, గా పక్కకు ఏం లేదు మామా. గోడనే."

క్యాసెట్ తీయించి పట్టుకుని దుకాణానికి ఎలా పోయాడో ఆయనకే తెలియదు.

"ముత్తెమ్మ లేదురా అండ్ల" అన్నాడు.

గంగాకిషన్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మెల్లగా చెప్పాడు.

"సినిమా తెర ఎడల్పు కాకా, టీవీ డబ్బా సదరం. అండ్ల పట్టాల్నని కంపెనోళ్ళు రెండు దిక్కులా కోసేస్తరు. నడుమిట్ల హీరో ఉంటె సాలు వాళ్ళకు."

"మరి గా మసక దాంట్ల ఉండె?"

"గది తెరకు తెర మొత్తం తీసిండు గద."

"అయితె గదే ఇయ్యి."

గంగాకిషన్ తల దించుకున్నాడు. "నువ్వే చెరిపెయ్యమంటివి కాకా. ఆలూర్‌ల ఒక పెండ్లి వీడియో తీసిన, దాని మీద ఎక్కించిన."

"యాడన్న ఇంకోటి దొరకదా?"

"కంపెనీది అచ్చినంక గసువంటిది ఎవలుంచుకుంటరు? నేను అడుగుడైతె అడుగుత గని, దొరకది కాకా."

భూమన్న దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. బస్సులు పోతున్నాయి, పసుపు బండ్లు పోతున్నాయి.

"ఇంటిదాంక అచ్చిన మనిషిని, మొఖం మంచిగ కనవడ్తలేదని నేనే ఎల్లగొట్టిన గంగాకిషనూ."

గంగాకిషన్ మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టాడు. అంతలో ఎవరో టైలరు సైకిల్ దిగి వచ్చాడు. భూమన్న పక్కనున్న కొత్త క్యాసెట్‌ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, దుకాణంవాణ్ణి వదిలేసి ఈ ముసలాయన్నే అడిగాడు.

"నువ్వు సూసినవా పెద్దమనిషీ? ప్రింటెట్లుంది?"

గంగాకిషన్ ఆ క్యాసెట్ లాక్కుందామన్నట్టు చెయ్యి చాచాడు. భూమన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"మస్తుంది బిడ్డా" అన్నాడు. "తీస్కపో. అంత సాఫుగుంది."