మైల ఆల్బం

మా బ్యాండ్ పాటలు విన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు అయిపోతుంది?" ఒక్కో పాట పది పన్నెండు నిమిషాలు. డ్రమ్ములు ఏడు దెబ్బల లెక్కలో నడిచి, మధ్యలో అయిదుకు దిగి, మళ్లీ ఏడుకు వస్తాయి. గంతులేసే వీల్లేదు. పెళ్లి రిసెప్షన్లకు మమ్మల్ని ఎవరూ పిలవరు. పిలవకపోతే మానె, బతిమాలేదెవరు?

మేం ముగ్గురం. డ్రమ్స్ విఘ్నేష్‌వి, వాడు కాట్టుపల్లి షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరు. గిటార్ లక్ష్మీకాంత్‌ది. కీబోర్డు, గొంతు నావి. మణవాళనగర్‌లో ఒక గది గోడలకు పాత పరుపులు కట్టి ఎనిమిది పాటలు రికార్డు చేశాం. అన్నీ దిగులు పాటలే. ఆల్బంలో చివరిదొక్కటే మిగిలింది. అది మా కమలాంబ అవ్వ పాడాలి.

అవ్వకు పాటలు రావు. తిరుత్తణిలో మా పాత్రల అంగడి వెనక చింతపండుతో ఇత్తడి తోముతూ ఆమె ఏదో గొణుగుతుంటే విని, ఎవరి పాటని అడిగాను. అది పాట కాదు, ఏడుపని తోమడం ఆపకుండానే చెప్పింది.

నలభై ఎనిమిదేళ్ల కిందట, కొండ మీది స్వామికి పాలు పోసే ఆడికృత్తిక పండగ పొద్దున, అంగడి మిద్దె మీద, మా నాయన అక్క చెంగమ్మ జ్వరంతో చచ్చిపోయింది. అయిదేళ్ల పిల్ల. కింద భక్తులు బారులు తీరి పాలచెంబులు కొంటున్నారు. మైల ఇంట్లో కొన్న చెంబుతో ఎవరైనా కొండెక్కి స్వామికి పాలు పోస్తారా? అందుకని తాత, అవ్వ నోట్లో చీర కొంగు కుక్కాడు. పిల్లను వెనక వాకిలి నుంచి తీసుకుపోయి పూడ్చేశారు. అడిగినవాళ్లకు పిల్ల మేనత్త ఊళ్లో ఉందన్నారు. మూడు రోజుల మైల కూడా పట్టలేదు. పడితే బయటపడేది కదా!

"రాత్రి షట్టర్ ఏసినాక ఏడువమన్నారు. అప్పుటికి ఏడుపు రాలే," అంది అవ్వ.

ఇది విన్నాక లక్ష్మీకాంత్ చివరి పాటలో తన నాలుగు నిమిషాల సోలోను తానే కొట్టేశాడు. వాడి సంగతి తెలిసినవాళ్లకు అదెంత మాటో అర్థమవుతుంది.

పాడతానంది అవ్వ. కానీ పరుపుల గదిలో కాదట. "అంగట్లో. ఆడికృత్తిక పొద్దే."

ఆ రోజు మేం ముగ్గురం డ్రమ్ములు, కీబోర్డు అంగట్లో సర్ది, గల్లాపెట్టె పక్కన మైకు పెడుతుంటే మా నాయన నటరాజు చూశాడు.

"ఏం జేస్తుండారు నందితా?"

చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది. "బయట జనాలుండారు. ఈ సోగ పాట్టు, ఈ ఏడుపు పాట ఇంటే ఎవురన్నా చెంబు ముట్టుకుంటారా? మైలలో అమ్మినామని ఊరికి తెలిస్తే అంగడి పేరు ఏం గావాల?"

"నిజమే కద నాయనా, అమ్మింది!"

"నాకు మూడేండ్లు అప్పుడు. నన్నేం జెయ్యమంటావు?"

ఆయన మీద జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. నాయన షట్టర్ దించే ఇనప కొక్కెం అందుకున్నాడు. "సరే, పాడుకోండి. అరగంట షట్టర్ ఏసేస్తా. పాడుకోని ఆ మాట ఈడ్నే పూడ్చండి."

అవ్వ పీట మీద నుంచి లేవనైనా లేవలేదు. "ఆ పొద్దు షట్టర్ తెరిచి నా నోరు మూసినారు. ఈ పొద్దు నేను నోరు తెరిస్తే షట్టర్ మూస్తావా నటరాజూ? దించినావంటే నేను వీదిలో కూసోని ఏడుస్తా."

నాయన చేతిలో కొక్కెం అలాగే ఉండిపోయింది. విఘ్నేష్ మెల్లగా ఏడు దెబ్బలు మొదలుపెట్టాడు. అవ్వ అందుకుంది.

"చెంగమ్మా, నా తల్లీ, ఇడ్లీ ఆరిపోతాందే... కొత్త గౌను మడిచి పెట్టినానే... వొకసారన్నా ఏసుకోకుండా యాడికి పోతివే..."

రాగమూ లేదు, తాళమూ లేదు. మా ఏడు దెబ్బలే ఆమె వెంట పరుగెత్తాయి. నేను రెండు చోట్ల స్వరం తప్పాను. ఆ తప్పులు ఇప్పటికీ ఆల్బంలో ఉన్నాయి.

బయట బేరం ఆగిపోయింది. పసుపు చీర కట్టిన ఒక అరవామె, చేతిలో కొత్త పాలచెంబు, గడప దగ్గరికి వచ్చి ఎవరు పోయారని నాయనను అడిగింది. ఇప్పుడు ఆయన ఏదో పాట రికార్డింగ్ అంటే చాలు, అందరూ నవ్వి బేరంలో పడతారు.

"ఎన్ అక్కా," మా అక్క అన్నాడు నాయన.

"ఎప్పో?" ఎప్పుడని అడిగింది ఆమె.

ఆయన అవ్వ వైపు చూశాడు. "ఇన్నక్కి."

ఈ రోజే. కొక్కెం పక్కన పెట్టి, అరవామె చేతిలో చెంబు వెనక్కి తీసుకున్నాడు. వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా గట్టిగా అరవంలో చెప్పాడు. ఇది మైల ఇల్లు, ఈ రోజు ఇక్కడ చెంబులు అమ్మం, పక్క అంగడికి పోండి అని. షట్టర్ మాత్రం దించలేదు. వచ్చి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆల్బం పేరు 'మైల'. చివరి పాట పంతొమ్మిది నిమిషాలు. పదకొండో నిమిషంలో నాయన గొంతు వినిపిస్తుంది. చెన్నైలో ఒకాయన అది తీసేసి పాటను నాలుగు నిమిషాలకు కుదిస్తే విడుదల చేస్తానన్నాడు. నీ విడుదల నీ దగ్గరే పెట్టుకో అని మేమే విడుదల చేశాం.

ఎప్పుడు అయిపోతుందని ఇప్పటికీ అడుగుతారు. అవ్వ ఆపినప్పుడు.