ఎర్రినాయుడి దిండు

ఈ కథలో ఒక్కటంటే ఒక్క అబద్ధం లేదు. ఉందని పట్టుకున్నవాళ్లకి నా పంచె విప్పి ఇచ్చేసి, గోచీతో చోడవరం బజారంతా తిరుగుతాను.

చెరుకు రైతు ఎర్రినాయుడు పోయి తొమ్మిది రోజులైంది. కొడుకు సత్యారావుకి ఏడవడానికి కూడా తీరిక లేదు, కాయితాలు వెతుకుతున్నాడు. డెత్ సర్టిఫికెట్ ఉంది, ఆధార్ ఉంది. పొలం పాస్ పుస్తకం లేదు, వీలునామా లేదు. ట్రంకుపెట్టె బోర్లించేడు, అటకెక్కేడు, బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టేడు. నూకలు తప్ప ఏటీ తగల్లేదు.

తగిలింది అనుమానం ఒక్కటే, అదీ చెల్లెలు రోజా మీద. ఆఖరి మూడు నెలలూ ముసలాయన నోట్లో గంజి పోసింది ఆవిడే. ఆయన పోయిన దగ్గర్నించీ ఆయన దిండుని వదలట్లేదు. నీళ్లకెళ్తే చంకలో, అన్నం తింటే ఒళ్లో.

"మాసిపోయిన దిండు మీద అంత పేమేటే దానికి?" అన్నాడు పెళ్లాం చిన్నారితో.

"నాన్న దిండు కదా మరి."

"నాన్న దుప్పటుంది, చెప్పులున్నాయి. అయ్యెందుకొద్దు?"

ఆ మాట నోట్లోంచి వచ్చేక సత్యారావు కళ్లకి దిండు తప్ప ఇంకేదీ ఆనలేదు. రోజా ఒత్తిగిలితే లోపల కాయితం గరగరలాడినట్టే వినబడింది. ఆవిడ మొగుడితో ఫోన్లో గుసగుసలాడుతుంటే గోడకి చెవి ఆనించేడు.

"రేపొక్క రోజు గట్టెక్కితే అది నాదే," అంటోంది.

రేపు పదో రోజు. పోయినవాళ్ల మంచం, పక్క, బట్టలు ఆ రోజు ఇంట్లోంచి పంపేయడం వాళ్ల ఆచారం. పొద్దున్నే మంచం తీసేరు, చాప తీసేరు. దిండు దగ్గరికొచ్చేసరికి రోజా అడ్డం పడింది.

"ఇది మాత్రం ఇవ్వను అన్నియ్యా."

"ఎందుకివ్వవు? ఏటుంది దాన్లో?"

"ఏటుంటాది? దూది."

"దూదైతే సూపించు!"

లాక్కుని, చెరుకు నరికే కత్తితో ఒక్క చీరు చీరేడు. బూరుగు దూది గుప్పున లేచింది. వాకిలి దాటి, తోటలు దాటి, ఎక్కడో ఉన్న వడ్డాది ఊరి సంత దాకా ఎగిరింది. అక్కడ వంకాయలమ్ముకునేవాళ్లు కొంగలు దిగుతున్నాయనుకుని కర్రలెత్తేరు. సత్యారావు గలీబు తిరగేసి దులిపేడు. కాయితం ముక్క లేదు.

రోజా ఖాళీ గలీబు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నాన్న వాసన దీన్లోనే ఉండేది అన్నియ్యా. ఆవదం, చుట్టా. మా ఇంటికి పట్టుకెళ్దామనుకున్నాను."

చిన్నారే మెల్లిగా అడిగింది. "చెరుకు సంచి సూసేరా?"

గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే రోజుల్లో కటింగ్ ఆర్డర్లు, అంటే ఏ రోజు నరకాలో ఫ్యాక్టరీ ఇచ్చే చీటీలు, వేసుకునే గుడ్డ సంచి అది. ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ అయిపోయిందంటే మళ్లీ ఏడాది దాకా దాన్ని ఎవడూ ముట్టడు. ఆఖరి బండి కదిలిన రోజున ముసలాయన ఒక కవరిచ్చి, "ఒరే సత్తీ, జాగర్త" అన్నాడు. చెరుకు చీటీలే కదా అని సత్యారావు చూడకుండా అందులో కుక్కి, సంచి దూలానికి తగిలించేడు. తన చేత్తోనే.

సంచి దింపితే పాస్ పుస్తకం ఉంది, వీలునామా ఉంది. అందులో కొత్త సంగతేదీ లేదు. రోజాకి అరెకరం, మిగతాది కొడుక్కి అని ఎర్రినాయుడు బతికుండగా అందరి ముందూ చెప్పిందే.

సత్యారావు ఆ కాయితాలు చిన్నారి చేతిలో పెట్టేసి, కంచెలోనూ కళ్లంలోనూ దూది ఏరేడు. కోడిపెట్ట ముక్కున ఉన్నదీ లాక్కున్నాడు. గోనెసంచులు కుట్టే దబ్బనంతో తనే కుట్టేడు. ఆ కుట్టు తాగినోడు నడిచిన దారిలా ఉంది. రోజా వాసన చూసి, "నీ చెమట కంపే తప్ప నాన్న లేడు" అని నవ్వింది.

ఇక పంచె విప్పక తప్పదు నాకు. దూది వడ్డాది దాకా ఎగిరిందన్నందుకు కాదండోయ్, అది నిజమే, కావలిస్తే కొంగల్నడగండి. రోజా నవ్విందన్నదే నేను కలిపేను. నవ్వలేదు. దినం అయిన మర్నాడు అన్నతో మాటాడకుండానే బస్సెక్కింది. దిండు మాత్రం చంకలోనే ఉంది.