తాత పేరిట పరాయి పాట

కోమలికి న్యూజిలాండ్‌లో సీటొచ్చిందని సూరత్ శివారు వడోద్‌లో, తెలుగు నేతవాళ్లుండే ఆ గల్లీ అంతటికీ తెలుసు. బట్టల డిజైన్ చదువు, అదీ స్కాలర్‌షిప్ మీద. మరమగ్గాల కూలీ మీద బతికే ఇంట్లోంచి అంత దూరం పోతున్న మొదటి పిల్ల అని కులదైవం మార్కండేయ గుడిలో శాలువా కప్పారు. తీరా బయలుదేరే వేళకు కరోనా వచ్చి ఆ దేశం తలుపులు మూసుకుంది. ఏడాది ఎదురుచూశాక, 2021లో, దారి తెరిచేదాకా ఇంటి నుంచే చదువుకొమ్మన్నారు. అలా ఆమె విదేశీ చదువు రెండు గదుల ఇంట్లో, బియ్యం డ్రమ్ము మీద పెట్టిన లాప్‌టాప్ ముందు మొదలైంది.

మొదటి క్లాసు పొద్దున్నే. తండ్రి దశరథం రాత్రి పాళీ ముగించుకొచ్చి పక్కనే పడుకున్నాడు. గోడ అవతల కార్ఖానాలో మగ్గాలు దడదడలాడుతున్నాయి. తెర మీద మేరె అనే పెద్దావిడ కనిపించింది. ఆ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి, వాళ్ల అల్లికలు నేర్పే పంతులమ్మ. పెరట్లో మనిషెత్తు ఆకుల పొద ముందు నిలబడి, కత్తి ముట్టకముందే కళ్లు మూసుకుని తన భాషలో ఏదో చదివింది. తర్వాత పొదను చూపించి చెప్పింది. నడిమి మొవ్వు బిడ్డ. దాన్ని చెరోపక్క కాచుకున్న ఆకులు తల్లిదండ్రులు. వాటిని ఎవరూ కోయరు. అంచున ఉన్నవి తాతముత్తాతలు, అల్లికకు వాళ్లే ఇస్తారు.

చూడగానే ఏమనిపించిందో తెర మీదున్న పిల్లలందరినీ చెప్పమంది. కొరియా పిల్లకు కళ్లనీళ్లు తిరిగాయి. చిలీ కుర్రాడు నాయనమ్మ గుర్తొచ్చిందన్నాడు. కోమలి "చాలా బాగుంది" అని మాత్రం అనగలిగింది. నిజానికి ఆమెకు లోపల ఏదో కలుక్కుమంది. తమదీ నేతపనే. కానీ దీపావళికి కార్ఖానా యజమాని సేఠు మెషీన్లకు పూలదండ వేయించడం తప్ప, దారానికి దండం పెట్టిన మనిషిని ఆమె పుట్టాక చూడలేదు.

ఇంటి పెద్దల చేతిపని ఏదైనా వచ్చే నెల అందరికీ చూపించాలని మేరె చెప్పింది. కోమలి తాత సోమలింగం దగ్గరికి వెళ్లింది. సిరిసిల్ల పక్క పల్లెలో చేమగ్గం మీద చీరలు నేసి, అది కూడు పెట్టక సూరత్ చేరినవాడు ఆయన.

"తాతా, నీ మగ్గం ఏమైంది?"

"పొయ్యిల పెట్టిన," అన్నాడు ముసలాయన. "వానకాలం. కట్టెలు లెవ్వు. మీ బాపు చిన్నోడు, జరంతోని పడున్నడు. గంజి కాయాలె గదా."

"మగ్గం లేకున్న ఏదన్న చూపియ్యి తాతా. ఆళ్లు చూస్తరట."

"ఏం చూస్తరు? నవ్వనీకా?"

"నవ్వరు తాతా. ఆళ్లకు గిసొంటియి దేవునితోటి సమానం."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాటే మనసులో తిరిగిందేమో, కొన్నాళ్లకు తనే పిలిచి దారం తెమ్మన్నాడు. తెగిన పోగు కొసలు రెండూ దగ్గరపెట్టి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని మెలివేశాడు. ముడి కనిపించలేదు. లాగితే తెగలేదు.

"గిదొక్కటే యాదికున్నది," అన్నాడు. కోమలి ప్రయత్నిస్తే పోగులు జారిపోయాయి. ముసలాయన నవ్వాడు. "నిదానం బిడ్డా. ఆదివారం కూసుందాం, నేర్పిస్త."

ఆదివారానికి ఆయనకు జ్వరం. అప్పటికే ఊరంతా అంబులెన్సుల కూతలు. ఆసుపత్రిలో మంచం దొరికింది గానీ ఇంటివాళ్లను లోపలికి రానివ్వలేదు. తర్వాత ఫోనొచ్చింది. శ్మశానంలో వరుస కట్టిన శవాల మధ్య, ప్లాస్టిక్‌లో చుట్టిన తండ్రిని దశరథం దూరం నుంచే చూశాడు. బంధువులెవరూ రాలేదు. ఎదురింటి బిక్షపతి గడప ముందు టిఫిన్ డబ్బా పెట్టి, తలుపు కొట్టి వెళ్లిపోయేవాడు.

తాత పని చూపించాల్సిన రోజు వచ్చింది. కోమలి తెర ముందు కూర్చుని చూపించడానికి ఏమీ లేదని, ఆయన పోయాడని చెప్పింది. మేరె ఆయన పేరడిగింది. సోమలింగం అనే పేరు ఆవిడ నోట్లో వంకరలు తిరిగింది. మళ్లీ మళ్లీ పలికి చూసింది. ఆపైన లేచి నిలబడి పాట ఎత్తుకుంది. మిగతా పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. పాట మధ్యలో తాత పేరు వినిపిస్తూ ఉంది.

చాప మీద నుంచి దశరథం లేచాడు. "ఏందది? ఎవలు పాడుతున్నరు?"

"తాతకోసం బాపూ. ఆళ్లతాన ఎవలన్న పోతే గిట్ల పాడుతరట."

దశరథం తెర వంక చూస్తూ నిలబడిపోయాడు. "మనోళ్లు ఒక్కలు రాలే. పాడె మొయ్యనీకి మనిషి లేడు. మొఖం ఎరుగనోళ్లు పాడవట్టిరి," అని తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

"మనం ఏం పాడుతం బాపూ?"

"నాకు రాదు బిడ్డా. మీ తాతకొచ్చు. నేనెన్నడు అడుగలే."

పాట అయిపోయింది. కోమలి ఏదైనా అంటుందని అందరూ చూస్తున్నారు. ఆమెకు ఓదార్పు కలగలేదు. తమ దగ్గర లేనిదేమిటో ఎవరో చేతిలో పెట్టి చూపించి, మళ్లీ తీసేసుకున్నట్టనిపించింది. లాప్‌టాప్ మూసేసింది.

తర్వాత రోజుల్లో పోగులు అతకడానికి చాలాసార్లు కూర్చుంది. లాగగానే ఊడిపోయేవి. తండ్రికి మరమగ్గం మీద వేసే ముడి తప్ప తెలియదు. గల్లీలో తాత ఈడువాళ్లు ఇద్దరుండేవారు, వాళ్లూ ఆ వేసవిలోనే పోయారు.

ఆగస్టులో, ఆ దేశం తలుపులు ఇంకా తెరవకముందే, యూనివర్సిటీ వాళ్లు చేతిపని తరగతులకు స్వయంగా రాలేనివాళ్ల సీటు, స్కాలర్‌షిప్ రద్దవుతాయన్నారు. మేరె ఫోన్ చేసింది. తను గట్టిగా పోట్లాడానని, ఎవరూ వినలేదని చెప్పింది.

"మీ తాతగారి పని అక్కడే ఎవరి దగ్గరైనా నేర్చుకోలేవా?" అని అడిగింది.

"నేర్పేవాళ్లు లేరు మేడం."

ఆవిడ క్షమించమంది. కోమలి పర్లేదంది. ఇద్దరూ ఫోన్ పెట్టేశారు.

దశరథం పనిచేసే కార్ఖానాలో సేఠు మగ్గాలను తుక్కుకు అమ్మేశాడు. దశరథం అదే నగరంలోని ఆల్థాన్‌లో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాదారుగా కుదిరాడు. కోమలి తల్లితోపాటు చీరల గోదాముకు, చీరలకు జిగురుతో మెరుపురాళ్లు అంటించే పనికి వెళ్లసాగింది.

మరుసటేడు ఆ దేశం తలుపులు తెరిచింది. కోమలి యూనివర్సిటీకి మళ్లీ రాసింది. కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు గానీ ఈసారి స్కాలర్‌షిప్ లేదన్నారు. ఆ జవాబు గోదాములోనే చదివింది. తల్లి ఏమైందని అడిగితే, "ఏం లేదమ్మా," అని తర్వాతి చీర ముందుకు లాక్కుంది.