చెరిపేసిన నాలుగు

స్కూలు బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆమె కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే బాత్రూంలోంచి భర్త కేకేశాడు. ఆ కాగితం మీద నా సంతకం పెట్టేసెయ్, నాకు టైం లేదు అని.

ఆయన సంతకం ఆమె పెట్టడం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయి ఏడేళ్ళయింది. ప్రోగ్రెస్ కార్డుల మీద, సెలవు చీటీల మీద పెట్టీ పెట్టీ అది ఆయనకన్నా ఆమెకే బాగా వచ్చు.

కానీ ఇవాళ్టి కాగితం వేరు. మార్కులు తక్కువొచ్చేవాళ్ళుండే సి సెక్షన్ పిల్ల కాబట్టి వచ్చే ఏడాది నుంచి తేలిక లెక్కలే చాలని తండ్రి ఒప్పుకుంటున్నట్టు రాసుంది అందులో. ఒకసారి ఒప్పుకుంటే పెద్ద లెక్కల మాట ఇక మరిచిపోవాల్సిందే. పెద్ద లెక్కలకు కావలసినవాటికి పరీక్షలో మూడు మార్కులు తగ్గాయట. తల్లి పోలిక, ఎక్కడికి పోతుంది అని నవ్వేశాడు భర్త. చిన్నప్పుడు తనదీ సి సెక్షనేనని పెళ్ళైన కొత్తలో నోరు జారింది పాపం. పదిహేనేళ్ళుగా ఆ మాట అన్నంతోపాటు తింటూనే ఉంది. బట్టలు కుట్టుకునేదానికి లెక్కలెందుకురా అని అత్తగారు వెనకేసుకొచ్చేది. అదొక ఓదార్పు మళ్ళీ!

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, దానికి జతచేసిన పరీక్ష జవాబు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మూడు మీటర్ల గుడ్డను ముప్పావు మీటరు చొప్పున కత్తిరిస్తే ఎన్ని ముక్కలు? రెండుంపావు అని రాసుంది. ఆమెకు ఒళ్ళు మండింది. రోజూ కత్తెర పట్టే చెయ్యి ఆమెది. నాలుగని నిద్రలో లేపినా చెబుతుంది. గుడ్డ మీద దులిపేసిన సుద్దగీతను పట్టుకునే ఆ కళ్ళకు, రెండుంపావు కింద రబ్బరుతో రుద్దేసిన అంకె కనిపించింది. నాలుగు. లెక్క మొత్తం సరిగ్గా చేసి, చెరిపేసింది పిల్ల.

"ఎందుకు చెరిపావే?" అంది.

కూతురు జడ వేసుకుంటూ మామూలుగానే చెప్పింది. "పరీక్షలో నా పక్కన కూర్చున్న ఎ సెక్షన్ అమ్మాయి రెండుంపావు వేసిందమ్మా. నాకొచ్చిందంటే అది తప్పే అయ్యుంటుంది కదా."

ఆ మాట పిల్లది కాదు, తనదేనని ఆమెకు తెలిసింది. కరెంటు బిల్లు తప్పని తనకు తెలిసినా, నాకేం తెలుసు, మీ నాన్ననడుగు అంటుంది. కొలతలు తనవే అయినా, ఆయన ఒకసారి చూస్తేగాని నమ్మదు. స్కూలు రెండేళ్ళుగా సి అంటోంది, నిజమే. ఇంట్లో తల్లి తీరేమో పిల్ల పుట్టినప్పటి నుంచీ అదే చెబుతోంది.

బస్సుకు ఇంకా ఐదు నిమిషాలు. ఆమె ఇస్త్రీ బల్ల మీదే కాగితం పరిచి, ఒప్పుకుంటున్నాను అన్న మాట కొట్టేసింది. లెక్క సరిగ్గానే చేసింది, చెరిపిన చోట చూడండి, మధ్యాహ్నం నేనే వస్తాను అని రాసింది. తండ్రి అన్న చోట ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆ మాటా కొట్టేసి కింద సంతకం చేసింది. ఎన్నాళ్ళకో పెట్టిన సంతకం, కాస్త వంకరపోయింది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. "పెట్టావా నా సంతకం?"

కూతురు బ్యాగు జిప్పు లాగడం ఆపి తల్లి వైపు చూసింది. ఆమె కాగితాన్ని మడిచి పిల్ల చేతిలోనే పెట్టింది.

"లేదు. నాది పెట్టాను."