మిషనుకు ఇంకో పూత

మా ఆయనకు ఒక జబ్బుంది. ఏ పని మొదలుపెట్టినా వంకలు వెతక్కుండా ముగించలేరు. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ ఫిట్టరుగా ఉన్నన్నాళ్ళూ ఆ జబ్బుకే జీతమిచ్చారు కాబట్టి ఎవరికీ అది జబ్బులా కనిపించలేదు. రిటైరయ్యాక నా నెత్తిన పడింది. కుక్కరు పిడి వదులైందని చెబితే కుక్కరు మొత్తం విప్పి బాల్కనీలో పరిచే మనిషి ఆయన. రంగనాథ్ గారి చేతిలో పడితే వస్తువు బాగుపడుతుంది గానీ ఎప్పటికి పడుతుందో అడక్కూడదని కాలనీలో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ వానాకాలం నాకు నవ్వు రాలేదు. బాల్కనీలో ఆయన విప్పి పెట్టుకున్నది మా అమ్మాయి ఇషిత మిషను. లోపల గదిలో మంచం మీద ఉన్నది ఇషిత.

ఇషిత నోయిడాలో చిన్న గది అద్దెకు తీసుకుని తోలు బ్యాగులు చేసేది. "ఇంత చదివి తోలు పనేంటే?" అని నేను మూతి ముడిస్తే, "నీ భుజానికి వేలాడేది ఏంటమ్మా, అరటాకా?" అనేది. ఆ నోరు నా నోరే, ఎవర్నని ఏం లాభం! తోడుగా వైశాలి అనే అమ్మాయి కుట్టుపని చేసేది. ఒక రోజు ఇషిత కరోల్ బాగ్‌లో ఎవరో బ్యాగుల దుకాణం ఎత్తేస్తుంటే, అక్కడ మూల పడి ఉన్న పాత స్కైవింగ్ మిషను తెచ్చుకుంది. తోలు అంచును పలచగా చెక్కే మిషను అది. కజ్జికాయ అంచు మందంగా ఉంటే మడత కుదరదు కదా, బ్యాగుకీ అంతే. గుండ్రటి కత్తి ఒకటి గిరగిరా తిరుగుతుంటే, దాని కిందుండే చిన్న రాయి చక్రం తోలును ముందుకు లాగుతుంది. తెచ్చిన రోజున అది మిషనులా లేదు, తుప్పు ముద్దలా ఉంది. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే, "పాతదాని ఇనుమే వేరమ్మా. కావాలంటే నాన్నని అడుగు" అంది. ఆయన్ని అడగడం ఎందుకు, మొహం అప్పటికే చేటంతయింది.

దాని మీద చెయ్యి వేసేలోపే ఇషితకు కడుపునొప్పి మొదలైంది. నొప్పి కాస్తా గడ్డ అంది డాక్టరమ్మ. మందులెక్కించారు, కోశారు, మళ్ళీ మందులెక్కించారు. వానలు పడేసరికి, ఇక ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకోండమ్మా అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో మాకు తెలుసు, ఇషితకూ తెలుసు. నోయిడా గది ఖాళీ చెయ్యొద్దని, దాన్ని వైశాలి నడుపుకుంటుందని తనే తేల్చేసింది. మిషను మాత్రం టెంపోలో మా ఇంటికి తెప్పించింది.

టెంపో దిగిన ఆ తుప్పు ముద్ద ముందు నిలబడి మా ఆయన ఏడవడం మొదలుపెట్టారు. అంత పెద్ద మనిషి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు.

"అరే నాన్నా, బస్ కరో నా, ఇక చాలు," అంది ఇషిత కుర్చీలోంచి. "ముందు దీన్ని బాగుచెయ్యి. ఇది నడిచేదాకా నేనెక్కడికీ పోను. పక్కా."

అని నవ్వింది. ఆయన మొహం తుడుచుకుని స్క్రూడ్రైవరు తీసుకున్నారు. పోన్లే, చేతికి పని దొరికిందనుకున్నాను.

ఇషితకు ఒకటే పట్టుదల. ఆ మిషను మీద తోలు పట్టడం వైశాలికి తనే నేర్పాలి. "చెబితే వచ్చే పని కాదమ్మా. చేతి మీద చెయ్యి వేసి చూపించాలి. అది వచ్చిందంటే వైశాలి ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు" అనేది. వైశాలికి చిన్న పాప ఉంది, మొగుడు ఉన్నా లేనట్టే. అందుకని ఇషిత ఒంట్లో కూర్చునే ఓపిక ఉండగానే మిషను తిరగాలి. ఇంట్లో మాకు ఇంకో ధ్యాస లేదు.

మొదట్లో ఆయన పని చూస్తే నాకే ముచ్చటేసింది. తుప్పంతా గీకారు. మరలన్నీ విప్పి కిరసనాయిల్లో నానబెట్టారు. బేరింగులు మార్చారు, కత్తికి పదును పట్టారు, మోటారుకు కొత్త వైరింగు చేయించారు. ఇక మిగిలింది రంగే. పాత పెచ్చుల కింద కనిపించిన బచ్చలాకు రంగే కావాలంది ఇషిత. ఎర్ర ప్రైమరు కొట్టి, సొట్టలకు పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ఆకుపచ్చ వేశారు. తలుపు వేసినా ఆ వాసన ఇల్లంతా కొట్టేది. ఇషిత మాత్రం, "మందుల వాసన కన్నా నయమే" అనేది.

ఆరిందో లేదో నేను వైశాలికి ఫోను చేశాను. పాపం, మెట్రోలు మారి పడుతూ లేస్తూ వచ్చింది. తీరా చూస్తే మా ఆయన రంగు గీకేస్తున్నారు.

"బుడగ వచ్చింది" అన్నారు తలెత్తకుండా.

ఇంకో పూత వేశారు. అదీ గీకేశారు. ఈసారి గాలిలో తేమట. ఆ తర్వాత బ్రష్షు వెంట్రుక అంటుకుందట. రంగు కాకపోతే ఏం, మిషను నడుస్తుంది కదండీ అంటే, "బొట్టు పెట్టలేదుగా" అన్నారు. ఫ్యాక్టరీలో ఆయన పెట్టుకున్న నియమం అది. ఏ మిషను బాగుచేసినా, పని పూర్తిగా అయ్యాకే కుంకుమ బొట్టు పెట్టేవారు. బొట్టు లేని మిషను స్విచ్చి ఎవరూ ముట్టకూడదు, మేనేజరైనా సరే.

వైశాలి మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఉత్తచేతులతో వెళ్ళింది. మొదట్లో ఇషిత బాల్కనీలో కుర్చీలో కూర్చునేది, ఆ తర్వాత దిండ్లకు ఆనుకుని కూర్చోవడమే గగనమైంది. ఒక పొద్దున గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దాని చెయ్యి వణుకుతోంది, కళ్ళు కనిపించట్లేదా మీకు?" అని ఆయన మీద పడ్డాను. "ఆ నున్నదనం ఎవరిక్కావాలి? మీరూ మీ గీకుడూ! బిడ్డకున్న ఒక్క కోరిక తీర్చడానికి మీకు చేతులు రావట్లేదు!"

ఆయన గరుకు కాగితం మడిచి మళ్ళీ రుద్దుకోవడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. మిషను కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఆయన నన్ను చూడలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి మెల్లగా చివరి దాకా నిమిరారు. తర్వాత గీకుడు రేకు అందుకున్నారు. బకెట్టు అక్కడే వదిలేసి ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"ఎక్కడండీ బుడగ? చూపించండి."

చూపించలేకపోయారు. అలాగే నేల మీద చతికిలబడ్డారు.

"కావేరీ, ఇది నడిస్తే అమ్మాయి వెళ్ళిపోతుందే" అన్నారు.

జాతకాలంటే వెక్కిరించే మనిషి. నా శనివారం ఉపవాసాల మీద ఊరందరి ముందూ జోకులేసే మనిషి. పిల్ల నవ్వుతూ అన్న మాటను ఇన్నాళ్ళూ గుండెకు కట్టుకుని కూర్చున్నారు! పక్కన కూలబడ్డాను. నిజం చెప్పొద్దూ, గీకితే గీకనీ, ఏళ్ళ తరబడి గీకనీ అని నాకూ అనిపించింది.

లోపల్నుంచి ఇషిత మూలుగు వినిపించింది. మందు వేసే వేళ ఇంకా కాలేదు, అయినా నొప్పి వచ్చేసింది.

"వింటున్నారా?" అన్నాను. "దాన్ని ఇలా పట్టి ఉంచుతామా? దానికి మనం చెయ్యగలిగింది ఇదొక్కటే మిగిలిందండీ. చేసేద్దాం."

ఆయన గీకుడు రేకు నా చేతికిచ్చి లేచారు.

ఆదివారం వైశాలి వచ్చింది. పక్కింటి నవదీప్ సాయం పట్టి మిషనును బల్లతో సహా ఇషిత గదిలోకి చేర్చాడు. బొట్టు పెట్టమంటే మా ఆయన చెయ్యి లేవలేదు, నేనే పెట్టాను. వైశాలీ నేనూ రెండువైపులా పట్టుకుని ఇషితను స్టూలు మీద కూర్చోబెట్టబోయాం. మెడ నిలవలేదు నా తల్లికి. రెండోసారి ప్రయత్నించబోతే, "రహనే దో, ఇక వద్దు" అంది. మళ్ళీ పడుకోబెట్టాం. చేతి మీద చెయ్యి వేసే రోజు ఎప్పుడో దాటిపోయింది. మా ఆయన గోడ వైపు తిరిగారు.

వైశాలి స్టూలు మీద కూర్చుంది. స్విచ్చి వేయగానే మిషను సన్నగా, ఒకే తీరుగా పాడింది. మంచం మీద నుంచి ఇషిత హిందీలో మెల్లగా చెబుతోంది, తోలును తోయకు, దారి చూపించు చాలు, మిగతాది అదే లాక్కుంటుంది అని. మొదటి ముక్క చిరిగింది. రెండోది ఒకచోట మందం, ఒకచోట పలచన. వైశాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నో ముక్కలు పాడయ్యాక ఒకటి కుదిరింది. అంచు ఉల్లిపొరలా వచ్చింది. వైశాలి దాన్ని తెచ్చి ఇషిత అరచేతిలో పెట్టింది. ఇషిత కళ్ళు మూసుకుని బొటనవేలితో దాన్ని రాసి రాసి చూసింది. నాకు ఆ మొహం తెలుసు. తనకు బాగా నచ్చింది చేతికొస్తే చిన్నప్పట్నుంచీ అదే మొహం పెడుతుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా వాళ్ళ నాన్న. స్విచ్చి బోర్డు దగ్గర నిలబడి, ఇప్పుడే ఆఖరి మాట వినబోతున్నట్టు దాని పెదాలనే చూస్తున్నారు. ఇషిత ఆయన్ని చాలాసేపు చూసింది. ఎన్ని రోజులుగా గోడ ఇవతల ఆ గీకుడు వింటూ పడుకుందో! దానికి తెలియనిదేముంది?

"బాగాలేదు నాన్నా" అంది.

"ఏం బాగాలేదమ్మా?"

"రంగు. అటు పక్కన సరిగ్గా పట్టలేదు. తీసేసి ఇంకో కోటు వెయ్యి. ఇది ఇంకా తయారవలేదు."

ఆయన గబగబా వంగి చూశారు. "ఎక్కడ? ఇక్కడేనా?"

"హా, అక్కడే."

నేనూ చూశాను. అక్కడేమీ లేదు, అద్దంలా ఉంది. ఏమిటే అది అనబోయి నోరు తెరిచాను. ఇషిత నా వైపు చూసింది. మాటలొచ్చినప్పట్నుంచీ నాతో వాదించి నెగ్గే పిల్ల, ఈసారి మాట కూడా ఆడలేదు. నేను నోరు మూసుకున్నాను.

ఆయన తువ్వాలు కొసతో నేను పెట్టిన బొట్టు తుడిచేశారు. "అవునమ్మా, ఇంకా అవలేదు, ఇంకా పనుంది" అంటూ మిషనును మళ్ళీ బాల్కనీలోకి లాక్కెళ్ళారు. కాసేపటికి గీకుడు మొదలైంది. ఆ చప్పుడు వింటూ ఇషిత నిద్రపోయింది.

మంగళవారం పొద్దున స్పూనుతో నీళ్ళు పోస్తుంటే నా చేతిలోనే వెళ్ళిపోయింది. నా కేక విని ఆయన పరుగెత్తుకొచ్చారు. చేతుల నిండా ఆకుపచ్చ పొడి. ఇషిత తల పట్టుకుని, "నేను పూర్తి చెయ్యలేదే, పూర్తి చెయ్యలేదు" అని ఏడ్చారు. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పారు. మిషను పూర్తి చెయ్యలేదన్న బాధ కాబోలనుకుని, పోన్లెండి అంకుల్, మీ తప్పేముంది అని ఓదార్చారు వాళ్ళు. ఆ మాటే ఆయనకు ఊపిరని నాకొక్కదానికే తెలుసు.

మిషను ఇప్పుడు నోయిడాలో వైశాలి దగ్గరుంది. ఒక పక్క ఇంకా ఎర్ర ప్రైమరే. అటువైపు రంగు వేయనివ్వరు ఆయన. వైశాలి చెయ్యి బాగా తిరిగిందట, మొన్న ఫోనులో చెప్పింది. ఇషిత ఏం చేసిందో ఆయనకు చెప్పెయ్యాలని రోజూ అనిపిస్తుంది నాకు. ఎలాంటి కూతుర్ని కన్నాడో తెలుసుకోవద్దూ ఆ మనిషి! మాట నాలుక చివరి దాకా వస్తుంది. టీ గ్లాసు చేతికిస్తుంటే ఆయన నా మొహంలోకి చూసి అడుగుతారు.

"ఏమే, నేను పూర్తి చెయ్యలేదు కదూ?"

"లేదండీ, చెయ్యలేదు" అంటాను.